రెడ్ రివర్ దాటితే యాభై సెంట్లు: పేక లెక్కకి ఒక చరిత్ర

(ఈ వారం ఎపిసోడ్‌కి రాతప్రతి. ఎప్పట్లాగే ఆడియోలో మాట్లాడినదాన్ని కాస్త సర్ది పెడుతున్నాం. అంకెలు చెవికి ఎక్కడం లేదని చాలామంది అన్నారు కాబట్టి ఈసారి అంకెలన్నీ ఇక్కడ విడమరిచి రాశాం.)

ఈసారి ఎపిసోడ్ ఒక ఉత్తరంతో మొదలైంది. ఫ్రిస్కో నుంచి ఒక తమ్ముడు రాశాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పం. "అన్నా, బ్లాక్‌జాక్‌లో కార్డులు లెక్కపెట్టడం ఆరు నెలలు కూర్చుని నేర్చుకున్నాను. కట్ట మొత్తం ముప్పై సెకన్లలో లెక్కపెడుతున్నాను, తప్పు పోవట్లేదు. శనివారాలు నది దాటి వెళ్దామనుకుంటున్నాను. ఇది జూదం కాదు, నైపుణ్యం కదా?" అని.

అతను అడిగిన ప్రశ్నకి మన సికింద్రాబాద్‌లోనే ఒక పాత జవాబు ఉంది. అతను అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది: లెక్క వచ్చినవాడికి సైతం ఆ బల్ల దగ్గర కూర్చోవడం గిట్టుబాటవుతుందా? ఈ రెండో ప్రశ్న ఎలా పుట్టింది, దాన్ని ఎవరెవరు ఎలా కొలిచారు, ఫ్రిస్కో నుంచి గంట దూరంలో ఉన్న బల్లల దగ్గర అది ఏమవుతుంది అన్నదే ఈ వారం కథ.

ముందు ఊరి సంగతి

డాలస్ చుట్టుపక్కల ఉండనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫ్రిస్కోలో 2000 జనాభా లెక్కల నాటికి ముప్పై మూడు వేల పైచిలుకు మంది. 2020 నాటికి రెండు లక్షలు. ఆ పెరిగినవాళ్ళలో మనవాళ్ళు ఎంతమందో తెలియాలంటే శనివారం పొద్దున కార్యసిద్ధి హనుమాన్ గుడి పార్కింగ్ చూస్తే చాలు. సాయంత్రం అదే జనంలో కొందరు 380 రోడ్డు పట్టుకుని డెంటన్ దాకా వెళ్ళి, అక్కడినుంచి ఐ-35 మీద ఉత్తరానికి తిరుగుతారు. గెయిన్స్‌విల్ దాటాక రెడ్ రివర్ వస్తుంది. వంతెన దిగితే ఓక్లహోమా. దిగీ దిగగానే థాకర్‌విల్, విన్‌స్టార్ కేసినో. ఇంకొందరు 75 హైవే మీద షెర్మన్, డెనిసన్ దాటి డ్యురాంట్‌లో చాక్టా కేసినోకి వెళ్తారు. ఎటు వెళ్ళినా గంటకి అటూ ఇటూ.

టెక్సాస్‌లో వాణిజ్య కేసినోలకి అనుమతి లేదు. అందుకే నది దాటడం. ఆ ఒడ్డున కేసినోలు నడిపేది చికసా, చాక్టా తెగల ప్రభుత్వాలు. దాన్ని అక్కడ "ఇండియన్ గేమింగ్" అంటారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు మనవాళ్ళెవరో పెట్టారనుకున్నానని ఒకాయన నాతో అన్నాడు. నవ్వొచ్చే మాటే, కానీ ఆ "ఇండియన్" వెనక కథ నవ్వేది కాదు. 1830లో ఇండియన్ రిమూవల్ చట్టం వచ్చింది. 1831 నుంచి చాక్టాలని, 1837 నుంచి చికసాలని మిసిసిపీ, అలబామా ప్రాంతాల్లోని సొంత ఊళ్ళనుంచి వెళ్ళగొట్టి ఓక్లహోమాకి తోలారు. దారిలో వేలమంది పోయారు. మనం వీసా స్టాంపింగ్ చేయించుకుని వచ్చిన వలస వేరు, వాళ్ళది వేరు. ఆ చరిత్ర వల్లే వాళ్ళ నేల మీద వాళ్ళ ప్రభుత్వం ఉంది. ఆ ప్రభుత్వాల వల్లే అక్కడి బ్లాక్‌జాక్ నియమాలు లాస్ వేగాస్ నియమాల్లా ఉండవు. ఈ సంగతికి మళ్ళీ వస్తాం.

సికింద్రాబాద్, 1963

ఇప్పుడు తమ్ముడి మొదటి ప్రశ్న. నైపుణ్యమా, జూదమా?

1963 మే నెలలో సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. లోపల రమ్మీ ఆడుతున్నారు. హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ అనే పేరుతో 1967 నవంబర్‌లో తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ హిదయతుల్లా.

తీర్పు సారాంశం ఇది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం. రమ్మీ అలా కాదు. పడ్డ ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియాలి. కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట. ఈ దేశంలో రమ్మీ గురించి ఆ తర్వాత జరిగిన ప్రతి వాదనా ఈ కేసు దగ్గరే మొదలైంది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపాయి. 2025లో కేంద్రమే డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నైపుణ్యమని కోర్టు అన్నా, ఇళ్ళు గుల్లవుతున్నాయని ప్రభుత్వాలు అన్నాయి.

ఆ తీర్పులో మనకి పనికొచ్చే ఇంకో చిన్న అంశం ఉంది. క్లబ్బు ఆటగాళ్ళ దగ్గర కూర్చున్నందుకు రుసుము తీసుకునేది. అది జూదం మీద లాభమేనని ప్రభుత్వం వాదించింది. క్లబ్బులకి ఖర్చులుంటాయి, ఆ మాత్రం రుసుము తీసుకుంటే జూదగృహం అయిపోదు అంది కోర్టు. అయితే ఆట మీద యజమాని లాభం చేసుకుంటున్నాడని సాక్ష్యం ఉంటే అది వేరే సంగతి అని కూడా చెప్పింది. "కూర్చున్నందుకు రుసుము" అన్న ఈ మాట గుర్తుపెట్టుకోండి. నది అవతల ఇదే మాట మళ్ళీ ఎదురవుతుంది.

కాబట్టి తమ్ముడూ, మొదటి ప్రశ్నకి జవాబు అవును. పడ్డ ముక్కల్ని గుర్తుపెట్టుకోవడం నైపుణ్యమే. తలతో లెక్కపెట్టుకోవడం అమెరికాలోనూ నేరం కాదు. కానీ రమ్మీలో నీకు ఎదురుగా కూర్చున్నది నీలాంటివాడే. వాడికన్నా నువ్వు మెరుగైతే చాలు. బ్లాక్‌జాక్‌లో ఎదురుగా ఉన్నది నియమాలు రాసినవాడు. నీ నైపుణ్యం ఎంతుందో వాడికి తెలిస్తే, దానికి తగ్గట్టు నియమం మారుస్తాడు. ఇక్కడినుంచి అసలు కథ.

నలుగురు సిపాయిలు, ఒక లెక్కల మాస్టారు

1950లలో అమెరికా సైన్యంలో నలుగురు కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. రోజర్ బాల్డ్విన్, విల్బర్ట్ కాంటే, హెర్బర్ట్ మైజల్, జేమ్స్ మెక్‌డెర్మట్. మేరీలాండ్‌లోని ఏబర్డీన్ ప్రూవింగ్ గ్రౌండ్‌లో పని. కంప్యూటర్ లేదు, బల్ల మీద పెట్టుకునే లెక్కల యంత్రాలతోనే బ్లాక్‌జాక్‌లో ప్రతి సందర్భానికీ ఏం చేస్తే మంచిదో లెక్కగట్టి 1956లో ఒక గణాంక పత్రికలో అచ్చువేశారు. ఇవాళ "బేసిక్ స్ట్రాటజీ" అంటున్నదానికి అదే మూలం. అలా ఆడితే వందకి ఒక డాలరు కన్నా తక్కువే పోతుందని తేలింది.

ఆ వ్యాసం చదివినవాడు ఎడ్వర్డ్ థోర్ప్. 1958 క్రిస్మస్ సెలవుల్లో లాస్ వేగాస్ వెళ్ళి ఆ చీటీ పక్కన పెట్టుకుని పది డాలర్లతో ఆడాడు. ఎనిమిదిన్నర పోయాయి. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. థోర్ప్ ఇంకో సంగతి గమనించాడు. ఆ నలుగురూ ప్రతి ఆటా నిండు కట్టతోనే జరుగుతుందన్నట్టు లెక్కవేశారు. నిజానికి పడ్డ ముక్కలు మళ్ళీ కలిపేదాకా తిరిగి రావు. కట్టలో మిగిలినవి మారుతుంటే గెలిచే అవకాశమూ మారాలి కదా?

ఎంఐటీలో ఐబీఎం 704 కంప్యూటర్ మీద లెక్కవేసి చూశాడు. ఒక కట్టలోంచి నాలుగు అయిదులూ తీసేస్తే ఆటగాడికే 3 శాతానికి పైగా మొగ్గు వస్తుంది. చిన్న ముక్కలు పోయి, పదులూ ఆసులూ మిగిలితే ఆటగాడికి మంచిది. బ్లాక్‌జాక్ పడితే ఆటగాడికి ఒకటిన్నర రెట్లు వస్తుంది, డీలర్‌కి రాదు. పైగా డీలర్ 16 మీద ఆగడానికి లేదు, తీయాల్సిందే, పది పడితే పోతాడు. ఈ పరిశోధన అచ్చు కావడానికి సాయపడింది సమాచార సిద్ధాంత పితామహుడు క్లాడ్ షానన్. 1962లో "బీట్ ద డీలర్" పుస్తకం వచ్చింది. 1963లో హార్వే డబ్నర్ ఇంకా తేలికైన పద్ధతి చెప్పాడు. 2 నుంచి 6 దాకా పడితే ఒకటి కలుపు, పదులూ బొమ్మలూ ఆసులూ పడితే ఒకటి తీసెయ్, 7, 8, 9 వదిలెయ్. వచ్చిన అంకెని ఇంకా మిగిలిన కట్టల సంఖ్యతో భాగించు. మా తమ్ముడు ఆరు నెలలు నేర్చుకున్నది ఇదే.

ఇదే కాలంలో ఇంకో మనిషిని మన డాలస్ వాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. జాన్ కెల్లీ. డాలస్‌కి దక్షిణాన ఉన్న కోర్సికానా ఊరివాడు, బెల్ ల్యాబ్స్‌లో పనిచేశాడు. 1956లోనే రాసిన వ్యాసంలో, నీకు మొగ్గు ఉందని తెలిసినప్పుడు ఉన్న డబ్బులో ఎంత పందెం కాయాలో సూత్రం ఇచ్చాడు. దాన్ని బ్లాక్‌జాక్‌కి వాడింది థోర్ప్. ఆ సూత్రం చివర్లో మనకి కావాలి.

1964 ఏప్రిల్ 1: రెండో ప్రశ్న పుట్టిన రోజు

థోర్ప్ పుస్తకం చూసి కేసినోలు బెదిరిపోయాయి. 1964 ఏప్రిల్ 1న లాస్ వేగాస్ కేసినోలు నియమాలు మార్చాయి. ఆసుల జతని విడదీయడం కుదరదు, 11 ఉంటే తప్ప పందెం రెట్టింపు చేయడం కుదరదు. అప్పుడేమైంది? లెక్కపెట్టేవాళ్ళతో పాటు మామూలు జనమూ రావడం మానేశారు. కొన్ని వారాల్లో పాత నియమాలే తిరిగొచ్చాయి.

ఆ దెబ్బతో కేసినోలకి బుద్ధొచ్చింది. మామూలు ఆటగాడికి కనబడే నియమాన్ని మార్చకూడదు, కనబడనిదాన్ని మార్చాలి. ఒక కట్ట బదులు నాలుగు, ఆరు, ఎనిమిది కట్టలు వచ్చాయి. చివరిదాకా పంచకుండా మధ్యలోనే కలపడం వచ్చింది. 1978లో అట్లాంటిక్ సిటీలో కేసినో తెరిచాక కెన్ అస్టన్ అనే కౌంటర్ తనని వెళ్ళగొట్టారని కోర్టుకెక్కాడు. లెక్కపెడుతున్నాడన్న కారణంతో మనిషిని వెళ్ళగొట్టే హక్కు కేసినోకి తనంతట తనకి లేదని 1982లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అస్టన్ గెలిచాడు. మరి ఆట? ఎనిమిది కట్టలు, ఎప్పుడు పడితే అప్పుడు కలపడం, పందేలకి పరిమితులు. తలుపు తెరిచే ఉంది, లోపల బల్లే మారిపోయింది.

అప్పటినుంచీ తెలివైన కౌంటర్లు "నాకు లెక్క వచ్చా" అని కాక, "ఈ బల్ల లెక్కకి విలువిస్తుందా" అని అడగడం మొదలుపెట్టారు. స్టాన్‌ఫర్డ్ వాంగ్ అనే కలంపేరుతో రాసినాయన 1975లో పుస్తకం తెచ్చాడు. మంచి లెక్క వచ్చేదాకా బల్ల వెనక నిలబడి చూసి, వచ్చాకే కూర్చోమన్నాడు. ఏ ఊళ్ళో ఏ కేసినోలో నియమాలెలా ఉన్నాయో చెప్పే వార్తాలేఖ కూడా నడిపాడు. మన మార్కెట్ యార్డుల్లో ధరల బోర్డు లాంటిదన్నమాట. 1979లో పీటర్ గ్రిఫిన్ అనే కాలేజీ లెక్కల మాస్టారు ఏ లెక్క పద్ధతి ఎంత పనిచేస్తుందో సిద్ధాంతం రాశాడు. 1990లలో డాన్ ష్లెసింజర్ ఆటకీ ఆటకీ మధ్య పోలిక చెప్పే కొలతలు చేశాడు. ఒకే మొత్తం డబ్బుతో, ఒకే స్థాయి ప్రమాదంతో ఆడితే ఈ బల్ల గంటకి ఎంత ఇస్తుంది, ఆ బల్ల ఎంత ఇస్తుంది అని.

బల్ల దగ్గర చూడాల్సినవి

అరవై ఏళ్ళ ఆ పనిని అయిదు ముక్కల్లో చెప్పుకుందాం.

ఒకటి, బ్లాక్‌జాక్‌కి ఎంతిస్తారు. పాత పద్ధతి 3కి 2. పాతిక డాలర్లకి ముప్పై ఏడున్నర. ఇప్పుడు చాలా బల్లల మీద 6కి 5. పాతికకి ముప్పై. 6, 5 పెద్ద అంకెలు కదా అని మోసపోతారు. దాదాపు ఇరవై ఒక్క ఆటలకి ఒకసారి బ్లాక్‌జాక్ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఏడున్నర డాలర్లు తక్కువ. ఆరు కట్టల ఆటలో ఇది సుమారు 1.36 శాతం తేడా. లెక్కపెట్టి సంపాదించే మొగ్గంతా ఈ ఒక్క మాటలో పోతుంది. 6కి 5 కనబడితే వెనక్కి తిరగండి.

రెండు, చిన్న నియమాలు. ఆసుని పదకొండుగా లెక్కేసి 17 వచ్చినప్పుడు డీలర్ ఇంకో ముక్క తీస్తే మనకి సుమారు 0.2 శాతం నష్టం. విడదీసిన జత మీద రెట్టింపు చెయ్యనిస్తే 0.14 శాతం లాభం. సగం వదులుకుని తప్పుకునే వీలుంటే 0.08 లాభం. మంచి ఆరు కట్టల ఆటలో కేసినో వాటా 0.35 శాతం దగ్గర, మామూలు ఆటలో 0.6 దగ్గర ఉంటుంది.

మూడు, ఎంత లోతు పంచుతారు. కౌంటర్‌కి ప్రాణం ఇదే. ఆరు కట్టలంటే 312 ముక్కలు. ఒక కట్ట మిగిల్చి కలుపుతారా, రెండు కట్టలు మిగిల్చి కలుపుతారా? మంచి లెక్కలు చివర్లోనే ఎక్కువగా వస్తాయి. ఆ చివరే కోసేస్తే మీరు లెక్కపెట్టింది దండగ. ఆగకుండా కలిపే యంత్రం ఉంటే అసలు లెక్కే లేదు.

నాలుగు, పందెం ఎంతవరకు పెంచనిస్తారు. లెక్క ఒకటి పెరిగితే మొగ్గు సుమారు అర శాతం పెరుగుతుంది. చాలాసేపు చిన్న పందెంతో కొద్దికొద్దిగా పోగొట్టుకుంటూ, కొద్దిసేపు పెద్ద పందెంతో రాబట్టుకోవాలి. పాతిక నుంచి మూడొందలకి పెంచనివ్వకపోతే పని జరగదు. పెంచితే పైనున్న కెమెరా చూస్తుంది.

అయిదు, గంటకి ఎన్ని ఆటలు. శనివారం రాత్రి బల్ల నిండా జనం ఉంటే అరవై, డెబ్బై. ఖాళీ బల్లయితే నూరు, ఆ పైన.

ఆరోది, నది అవతల మాత్రమే

పుస్తకాల్లో అంతగా కనబడనిది ఇంకొకటి ఉంది. దానికోసం చట్టం దగ్గరికి వెళ్ళాలి.

1987లో కాబజాన్ తెగ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తెగలకి అనుకూలంగా తీర్పిచ్చింది. 1988లో ఇండియన్ గేమింగ్ రెగ్యులేటరీ చట్టం వచ్చింది. కేసినో స్థాయి ఆటలు కావాలంటే తెగ, రాష్ట్రం కలిసి ఒప్పందం రాసుకోవాలి. ఓక్లహోమాలో 2004 నవంబర్ ఎన్నికల్లో స్టేట్ క్వశ్చన్ 712ని జనం ఆమోదించారు. ఆ నమూనా ఒప్పందంలో పేకాటలకి అనుమతి ఉంది, కానీ "నాన్ హౌస్ బ్యాంక్డ్" ఆటలకే. అంటే గెలుపోటముల్లో కేసినోకి వాటా ఉండకూడదు. పందేలన్నీ ఒక ఉమ్మడి కుండలో పడాలి, గెలిచినవాళ్ళకి ఆ కుండలోంచే ఇవ్వాలి. మరి కేసినోకి ఏంటి లాభం? ఆడినందుకు రుసుము తీసుకోవచ్చు.

సికింద్రాబాద్ క్లబ్బు గుర్తొచ్చిందా? కూర్చున్నందుకు రుసుము! కాకపోతే ఇక్కడ ఆటాటకీ. దాన్ని "ఆంటీ" అంటారు. ముక్కలు పంచేముందు పందెం పక్కన యాభై సెంట్లు పెట్టాలి. గెలిచినా ఓడినా అది తిరిగి రాదు. అన్ని బల్లలకీ ఇది ఒకేలా ఉండదు. కొన్నిచోట్ల ఆటగాడు కట్టాలి, కొన్నిచోట్ల పందెం ఒక స్థాయి దాటితే అక్కర్లేదు, కొన్నిచోట్ల తీసేశారు. కాబట్టి కూర్చోకముందే బల్ల మీది బోర్డు చదవాలి.

యాభై సెంట్లే కదా అంటారా? లెక్కవేద్దాం. పది డాలర్ల పందెం మీద అది 5 శాతం. పాతిక మీద 2 శాతం. వంద మీద అర శాతం. మామూలు ఆటలో కేసినో వాటా 0.6 శాతం అనుకున్నాం. పాతిక డాలర్లతో నూరు ఆటలాడితే ఆ వాటా పదిహేను డాలర్లు. ఆంటీ యాభై డాలర్లు. అంటే ఆటకన్నా ఆట టికెట్టే మూడు రెట్లకి పైన.

ఇప్పుడు కౌంటర్ సంగతి. ఉదాహరణకి ఒక బల్ల మీద పాతిక నుంచి మూడొందల దాకా పందెం మారుస్తూ తప్పుల్లేకుండా ఆడేవాడికి నూరు ఆటలకి సగటున 30 డాలర్లు మిగులుతాయనుకుందాం. అదృష్టం వల్ల ఊగిసలాట నూరు ఆటలకి 900 డాలర్లు అనుకుందాం. ఆంటీ లేకపోతే ఇది ఆడదగ్గ ఆట. ఆంటీ యాభై సెంట్లు ఉంటే నూరు ఆటలకి యాభై డాలర్లు పోతాయి. ముప్పైలోంచి యాభై తీసేస్తే మైనస్ ఇరవై. లెక్క వచ్చినవాడు, ఒక్క తప్పూ చెయ్యనివాడు, గంటకి ఇరవై డాలర్లు కట్టి పని చేస్తున్నాడు!

దీనికి మందు లేదా అంటే ఉంది, వాంగ్ చెప్పిందే. వెనక నిలబడి లెక్క మంచిగా ఉన్నప్పుడే కూర్చుని పెద్ద పందెమే కాయాలి. రెండొందల మీద యాభై సెంట్లు పావు శాతమే. కానీ "మధ్యలో కూర్చోకూడదు" అన్న చీటీ బల్ల మీద ఉంటే ఆ మందూ లేదు.

ఆంటీ లేని బల్లే దొరికిందనుకోండి. గంటకి 30 రాబడి, 900 ఊగిసలాట. రాబడి ఊగిసలాటతో సమానం కావడానికి ఎన్ని గంటలు పడుతుంది? 900ని 30తో భాగిస్తే 30, దాని వర్గం 900. తొమ్మిదొందల గంటలు. వారానికి ఒక శనివారం, పది గంటల చొప్పున, తొంభై శనివారాలు. దాదాపు రెండేళ్ళు. అప్పటికీ ఆరుగురిలో ఒకరు నష్టంలోనే ఉంటారు, తప్పేమీ చెయ్యకుండానే. ఆ పైన పెట్రోలు, పోయిన వారాంతాలు.

స్లాబు డబ్బు

ఇది నేను ఎపిసోడ్‌లో చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పాను కాబట్టి రాస్తున్నాను.

చాలా ఏళ్ళ కిందట నాతో అపార్ట్‌మెంట్ పంచుకున్న ఒకాయన ఉండేవాడు. నాకన్నా పెద్దవాడు, మాకందరికీ అన్న. అన్నం ఉడికేలోపు కట్ట తీసి లెక్కపెట్టేవాడు. పక్కన టీవీ పెట్టినా, మేం గట్టిగా మాట్లాడుకుంటున్నా అంకె తప్పేది కాదు. నది అవతల ఒక కేసినోకి కొన్ని నెలలు వెళ్ళాడు. ఒక నోటుపుస్తకంలో తేదీ, ఎన్ని గంటలు, ఎంత తెచ్చాడు, ఎంత పోయింది, అన్నీ రాసేవాడు. నిజాయితీగా రాసేవాడు. అరవై గంటల ఆటయ్యేసరికి 3,400 డాలర్లు నష్టం. అది ఊళ్ళో ఇంటి స్లాబుకి పంపడానికి దాచిన డబ్బు. వాళ్ళ నాన్నగారు ఫోన్‌లో "సెంట్రింగు వాళ్ళు వచ్చి నిలబడ్డారు నాన్నా" అంటుంటే స్పీకర్ ఆపేసి బాల్కనీలోకి వెళ్ళడం నాకింకా గుర్తు.

"లెక్క ఎక్కడో తప్పుతున్నానురా" అన్నాడు. ఇద్దరం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. లెక్క ఎక్కడా తప్పలేదు. పుస్తకంలో ఆంటీకి గడి లేదు. గంటకి డెబ్బై ఆటలు, అరవై గంటలు, 4,200 ఆటలు. ఆటకి యాభై సెంట్లు. 2,100 డాలర్లు. మిగిలిన 1,300 మామూలు ఊగిసలాటలో కలిసిపోయేదే. దాన్ని దురదృష్టం ఖాతాలో రాసుకోవచ్చు. ఆ 2,100 మాత్రం దురదృష్టం కాదు, టికెట్ డబ్బులు. ఆయన చాలాసేపు ఆ కూడిక వైపే చూశాడు. తర్వాత కట్టని కవర్లో పెట్టి రబ్బరుబ్యాండు వేశాడు. స్లాబు నాలుగు నెలలు ఆలస్యంగా పడింది.

ఆయన తెలివితక్కువవాడు కాదు. ఆయనకి వచ్చిన విద్య నిజమైనదే. ఆ విద్యని తెలియని బల్ల మీద పెట్టాడు, అంతే.

కెల్లీ సూత్రం, మన ఖాతా

కెల్లీ దగ్గరికి వస్తానన్నాను. ఆయన సూత్రం ప్రకారం బ్లాక్‌జాక్‌లో ఒక శాతం మొగ్గుంటే ఉన్న డబ్బులో ముప్పావు శాతం కాయొచ్చు. రెండు శాతం మొగ్గుంటే ఒకటిన్నర శాతం. అంటే రెండు శాతం మొగ్గు దగ్గర మూడొందలు కాయాలంటే చేతిలో ఇరవై వేలు ఉండాలి. ఉండటమంటే బ్యాంకులో కనబడటం కాదు. మొత్తం పోయినా అద్దె, కారు ఈఎంఐ, ఇంటికి పంపేది, లాయర్ ఫీజు, ఉద్యోగం పోతే అరవై రోజుల ఖర్చు, ఏదీ ఆగకూడదు. అలాంటి ఇరవై వేలు మనలో ఎంతమందికి ఉంటాయి? ఉన్నవాడికి గంటకి ముప్పై డాలర్ల కోసం పొగలో కూర్చోవాల్సిన అవసరమేంటి?

పన్ను సంగతి కూడా చూడాలి. గెలిచిన డబ్బు ఆదాయమే, రిటర్న్‌లో చూపించాలి. ఓడినదాన్ని తగ్గించుకోవాలంటే ఐటమైజ్ చెయ్యాలి. మనలో చాలామంది స్టాండర్డ్ డిడక్షనే తీసుకుంటాం కాబట్టి ఓడిన డబ్బుకి ఏ మినహాయింపూ రాదు. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 నుంచి ఐటమైజ్ చేసినా ఓటమిలో 90 శాతమే లెక్కలోకి వస్తుంది. ఒక శాతం మొగ్గు మీద బతికేవాడికి ఇది చిన్న దెబ్బ కాదు. వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళు దీన్ని సరదాగా కాక సంపాదనగా అనుకుంటే, మొదటి పందేనికి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నైపుణ్యం ఉందా అన్నది కోర్టు ప్రశ్న, అది 1967లోనే తేలిపోయింది. గిట్టుబాటవుతుందా అన్నది బల్ల ప్రశ్న, అది ప్రతి శనివారం, ప్రతి బల్ల దగ్గరా మళ్ళీ తేల్చుకోవాల్సిందే. థోర్ప్ కూడా చివరికి ఆ ఆట వదిలి స్టాక్ మార్కెట్ లెక్కల్లోకి వెళ్ళిపోయాడు. అతనికి లెక్క మరిచిపోయిందనా? కాదు, అంతకన్నా మంచి బల్ల దొరికింది.

నువ్వు వెళ్ళకూడదని నేను అనను. వెళ్తే మొదటి శనివారం ఒక్క డాలరూ పెట్టకు. నిలబడి చూడు. 3కి 2నా, 6కి 5నా? ఎన్ని కట్టలు మిగిల్చి కలుపుతున్నారు? ఆంటీ ఎంత? గంటకి ఎన్ని ఆటలు? మధ్యలో కూర్చోనిస్తారా? ఇవి ఒక కాగితం మీద రాసుకుని ఇంటికొచ్చి, ఆంటీకి ఒక గడి గీసి లెక్కవెయ్యి. ఆ గడి నింపాక కూడా మిగులు కనబడితే అప్పుడు మాట్లాడుకుందాం. కనబడకపోతే ఆ ఆరు నెలల సాధన వృథా అనుకోకు. ఏ ఆట ఆడకూడదో తెలియడమూ ఆ విద్యలో భాగమే.

ఇంకొక్క మాట, తమ్ముడికే కాదు, అందరికీ. లెక్క కాదని తేలినా కారు ఆ వంతెన వైపే తిరుగుతుంటే, అప్పుడది లెక్క సమస్య కాదు. సహాయానికి ఫోన్ నంబరు కేసినోల్లోనే గోడ మీద రాసి ఉంటుంది. దానికన్నా ముందు ఇంట్లోవాళ్ళకి చెప్పండి, లేదా మాకు రాయండి. పేరు చెప్పం.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. ఉంటాను.